ఎదిగే ఆడపిల్ల – ఒంటికి రక్తం

మీ ఇంట్లో పదేళ్లకు, పందొమ్మిదేళ్లకు మధ్య వయసున్న ఆడపిల్ల ఉందా? అయితే ఈ కాగితం మీ కోసమే. భార్యాభర్తలు ఇద్దరూ చదవండి. చదువు రానివారు ఆ పిల్లచేతే చదివించుకోండి. ఆమెకూ తెలియవలసిన సంగతులే ఇవి. ఇంట్లో ఆడపిల్ల లేకపోయినా, కొత్తగా పెళ్లయిన జంట అయితే చివరి భాగం తప్పక చూడండి.

"కుటుంబ నియంత్రణ కాగితంలో రక్తం గొడవ ఎందుకండీ?" అని అడిగేవాళ్లున్నారు. కారణం ఉంది. నెల తప్పిన అమ్మాయి ఆరోగ్య కేంద్రానికి వచ్చి పరీక్ష చేయించుకునేసరికి మూడో నెలో, నాలుగో నెలో అవుతుంది. అప్పుడు చూస్తే రక్తం తొమ్మిది గ్రాములు ఉంటుంది. అత్తింట్లో సరిగా పెట్టలేదని పుట్టింటివాళ్లు, పుట్టింటినుంచే ఇలా వచ్చిందని అత్తింటివాళ్లు అనుకుంటారు. నిజానికి ఆ కొరత ఆమె పన్నెండో ఏటో, పదమూడో ఏటో మొదలై ఉంటుంది. మిగిలిన ఐదారు నెలల్లో మాత్రలు మింగించి దాన్ని పూడ్చాలని అందరం తాపత్రయపడతాం. కొంత పూడుతుంది. అంతా పూడదు.

కాన్పు సవ్యంగా జరిగినా తల్లికి పావులీటరు నుంచి అరలీటరు దాకా రక్తం పోవడం మామూలే. ఒంట్లో నిండుగా రక్తం ఉన్న మనిషి దీన్ని తట్టుకుంటుంది. అసలే తక్కువున్న మనిషికి ఇంకాస్త ఎక్కువ పోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని రక్తాన్ని పెళ్లికి ముందే, కన్నవారింట్లోనే కూడబెట్టాలి. పిల్లకు పట్టుచీర, పుస్తెలగొలుసు ముందునుంచీ కూడబెడతాం కదా, ఇదీ అలాగే.

రంగు తేలిందా, రక్తం తగ్గిందా?

చిలకలపూడి పేరు చెబితే ఎవరికైనా నగలు గుర్తుకొస్తాయి. పైన పల్చటి బంగారు పూత, లోపల వేరే లోహం. కంటితో చూస్తే అసలుదో కాదో పోల్చుకోలేము, గీటురాయి మీద గీయాలి. ఆడపిల్ల ఒంటి రంగు సంగతీ అంతే. పెద్దమనిషి అయ్యాక పిల్ల తెల్లబడితే "రంగు తేలింది, ఈడుకొచ్చిన కళ" అని మురిసిపోతాం. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లూ మెచ్చుకుంటారు. ఆ తెలుపు చాలాసార్లు కళ కాదు, ఒంట్లో రక్తం తగ్గి వచ్చిన పాలిపోవడం.

ఇంట్లోనే కొంత చూడవచ్చు. పిల్లను వెలుతురులో నిలబెట్టి కింది కనురెప్పను మెల్లగా కిందికి లాగి చూడండి. లోపల ఎర్రగా ఉండవలసిన చోట తెల్లగా, లేత గులాబీ రంగులో ఉంటే అనుమానించాలి. నాలుక, గోళ్లు, అరచేతి గీతలు కూడా చూడండి. గోళ్లు గుంటపడి చెంచాల్లా తయారైతే కొరత చాలాకాలంగా ఉన్నట్టే. నల్లగా ఉండే పిల్లలకు కూడా కనురెప్ప లోపల, నాలుక మీద తేడా తెలుస్తుంది.

రంగుకన్నా ముందు నడవడి చెబుతుంది. మెట్లెక్కితే ఆయాసం. బడినుంచి వచ్చి పుస్తకాల సంచీ పడేసి మంచం ఎక్కడం. తల తిరగడం, గుండె దడ, చదివింది గుర్తుండకపోవడం, చీటికీమాటికీ విసుగు. దీన్ని మనం బద్ధకం అంటాం. "ఈ వయసులో నేను నాట్లేసి వచ్చి వంట చేసేదాన్ని" అని మామ్మగారు దెప్పుతారు. పిల్ల బద్ధకస్తురాలు కాదు. ఇంజనుకు నూనె లేదు.

ఇంకొకటి. పిల్ల డబ్బాలోంచి గుప్పెళ్లతో బియ్యం తీసుకుని బొక్కుతోందా? మట్టి, బలపాలు, సుద్దముక్కలు నములుతోందా? బియ్యం తింటే పెళ్లిలో వాన కురుస్తుందని పెద్దలు బెదిరిస్తారు. ఆ బెదిరింపు పక్కనపెట్టి పరీక్షకు తీసుకురండి. ఇనుము తక్కువైన ఒంటికి ఇలాంటి వింత కోరికలు పుడతాయి. ఇనుము అందితే చాలామందిలో ఆ అలవాటు దానంతటదే పోతుంది.

ఇవన్నీ అనుమానాలే. అసలు గీటురాయి రక్తపరీక్ష. వేలికొసన సూదితో గుచ్చి ఒక్క చుక్క తీస్తారు. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములు, ఆ పైన ఉండాలి. 11కీ 12కీ మధ్య ఉంటే కొద్దిపాటి రక్తహీనత. 8 నుంచి 11 లోపు అయితే ఓ మోస్తరు. 8 కన్నా తగ్గితే ఇంట్లో మాత్రలు మింగుతూ కూర్చోకూడదు, పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లవలెను.

"మా పిల్లకెందుకు వస్తుంది" అనుకోవద్దు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 60 మందికి రక్తహీనత ఉంది. అంటే బడిలో ఒక బల్లమీద ఐదుగురు ఆడపిల్లలు కూర్చుంటే అందులో ముగ్గురు. కలిగినవారి పిల్లలు, లేనివారి పిల్లలు అందరూ ఆ లెక్కలో ఉన్నారు.

ఆడపిల్లకే ఎందుకు?

రక్తానికి ఎరుపు ఇచ్చేది హిమోగ్లోబిన్. మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువును ఊపిరితిత్తుల దగ్గర ఎక్కించుకుని ఒంట్లో ప్రతి మూలకూ మోసుకుపోయేది అదే. అది తయారు కావడానికి ఇనుము కావాలి. ఈ వయసులో పిల్ల ఒక్కసారిగా ఎదుగుతుంది. ఎత్తు, బరువుతో పాటు ఒంట్లో రక్తం పరిమాణమూ పెరగాలి. మగపిల్లవాడికీ ఇంతవరకూ ఒకటే. ఆడపిల్లకు ఆపైన నెలనెలా ముట్టు ఉంటుంది. మామూలు ముట్టులో 30, 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. దానితో పాటు 15, 20 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. గుడ్డలు త్వరత్వరగా మార్చవలసి వస్తున్నా, గడ్డలు పడుతున్నా, వారం దాటినా పోయేది ఇంకా ఎక్కువ. ఇది సిగ్గుపడి దాచే విషయం కాదు. తల్లి కనిపెట్టి నర్సమ్మకు చెప్పాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్కల ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల మగపిల్లవాడికి రోజుకు 22 మిల్లీగ్రాముల ఇనుము ఆహారంలో ఉండాలి. అదే వయసు ఆడపిల్లకు 30 కావాలి. 16 దాటితే 32. ఇప్పుడు మన ఇళ్లలో పంక్తి గుర్తు తెచ్చుకోండి. ముందు మగవాళ్లు, పిల్లలు తింటారు. చేపల పులుసులో తలకాయ, నడిమి ముక్కలు వాళ్లకే పోతాయి. తల్లీ, ఎదిగిన కూతురూ చివర కూర్చుని పులుసులో అన్నం కలుపుకుంటారు. ఎవరికి ఎక్కువ కావాలో వారికే తక్కువ దక్కుతోంది. ఇది ఎవరూ కుట్ర చేసి చేసింది కాదు, అలవాటు. కానీ ఇంటి యజమాని ఒక్క మాట అంటే మారే అలవాటు కూడా ఇదే. "అమ్మాయిని కూడా ఇప్పుడే కూర్చోబెట్టు" అని అనండి చాలు.

తెల్ల అన్నం సంగతి

1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టి కాలువలు తవ్విన తరువాత బందరు, గుడివాడ, దివిసీమ అంతా వరిసీమ అయింది. అన్నానికి లోటు లేదు. లోటల్లా అన్నం ఒక్కటే తినడంలో ఉంది. మరపట్టిన తెల్ల బియ్యం వంద గ్రాముల్లో ఇనుము ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. పిల్ల రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుని కడుపునిండా తిన్నా రెండు మూడు మిల్లీగ్రాములకు మించదు. కావలసింది 30. మిగతాది ఎక్కడినుంచి రావాలి? కూరనుంచి, పప్పునుంచి, చేపనుంచి, చిరుతిండినుంచి. కూరేమో రెండు చెంచాలు, ఆవకాయ ముక్కతో, మజ్జిగతో భోజనం పూర్తి!

వంద గ్రాముల సజ్జల్లో ఆరు మిల్లీగ్రాములకు పైగా, రాగుల్లో నాలుగున్నర దాకా ఇనుము ఉంది. ఉలవల్లో ఏడెనిమిది. ఉలవచారు మన జిల్లాకు పేరు తెచ్చిన వంట. కానీ ఉలవలు ఉడికించిన నీళ్లు మనం చారు కాచుకుని, ఉడికిన గింజలను గొడ్లకు వేస్తాం. ఎద్దు దుక్కలా ఉంటుంది, పిల్ల పాలిపోయి ఉంటుంది. ఆ గింజల్లో ఒక దోసెడు తీసి, తాలింపు వేసి, కాస్త నిమ్మరసం పిండి గుగ్గిళ్లుగా పిల్లకు పెట్టండి. ఎద్దు ఏమీ అనుకోదు.

వరి కోతలకు ముందే మాగాణి చేలో మినుములు, పెసలు చల్లుతాం. బస్తాలు కట్టి అమ్మే ముందు ఇంటికి ఏడాదికి సరిపడా తీసి ఉంచుకోండి. పెసలు నానబెట్టి మొలకెత్తించి తింటే, పప్పు రుబ్బి పులియబెట్టి అట్లు, ఇడ్లీలు చేసుకుంటే వాటిలోని ఇనుము ఒంటికి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది.

ఇక ఆకుకూరలు. తోటకూర, మునగాకు, గోంగూర, పొన్నగంటికూర, చింతచిగురు. కొనక్కర్లేకుండా దొరికేవే చాలా ఉన్నాయి. మునగాకును ఆషాఢంలో ఒకసారి వండి శాస్త్రం అయిందనిపిస్తాం. చెట్టు దొడ్లోనే ఉంటుంది, మిగతా పదకొండు నెలలూ కూడా ఆకు వేస్తూనే ఉంటుంది. వారానికి మూడు నాలుగు సార్లు, మనిషికి ఒక చిన్న గిన్నెడు కూర పడేట్టు వండండి.

ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుములో ఒంటికి పట్టేది తక్కువ. పదోవంతు కూడా పట్టదు. చేప, మాంసం, కార్జంలో ఉన్నది అంతకు రెండు మూడు రెట్లు పడుతుంది. పైగా అవి పక్కన ఉంటే ఆకుకూరలోని ఇనుము కూడా బాగా పడుతుంది. సముద్రం పక్కనే ఉన్నాం. తోటకూరలో గుప్పెడు ఎండు రొయ్యలు, గోంగూరలో నాలుగు మెత్తళ్లు వేయడం బందరు వైపు ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ ముక్కలు ఎవరి కంచంలో పడుతున్నాయన్నదే ప్రశ్న. నీచు తినని ఇళ్లవారు కంగారు పడవద్దు. పులుపు సాయం పడుతుంది. భోజనంలో నిమ్మచెక్క, ఉసిరికాయ పచ్చడి, తిన్న తరువాత ఒక జామకాయ ఉంటే ఇనుము ఎక్కువ పడుతుంది.

టీ దీనికి సరిగ్గా ఎదురు. అన్నంతో పాటు గాని, తిన్న వెంటనే గాని టీ, కాఫీ తాగితే ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. ఇళ్లలో కూర్చుని నగలకు రాళ్లు పొదిగే పిల్లలు, గొలుసులు అల్లే పిల్లలు పని ఆగకుండా ఆకలి చంపుకోవడానికి టీ మీద టీ తాగడం ఉంది. టీ మానమని అనడం లేదు. అన్నానికి గంట ముందు, గంట తరువాత వద్దు. మధ్యలో టీతో పాటు రెండు గుప్పెళ్లు వేయించిన సెనగలు దగ్గర పెట్టండని కూడా అనం, ఎందుకంటే రెండూ కలిస్తే సెనగల ఫలం టీ తినేస్తుంది. సెనగలు విడిగా తినాలి.

వంటగిన్నె మాట కూడా ఒకటి చెప్పాలి. గోంగూర, పులుసుకూరలు ఇనుప బాణలిలో వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. సత్తు గిన్నెలు వచ్చాక అటకెక్కిన ఆ బాణలిని దించి, తోమి వాడుకోండి. రంగు కాస్త నల్లబడుతుంది, అంతే.

చిమ్మిలి పదకొండు రోజులేనా?

పిల్ల పెద్దమనిషి అయితే మన పెద్దవాళ్లు ఏం చేసేవారు? నువ్వులు, బెల్లం కలిపి దంచి చిమ్మిలి చేసి పెట్టేవారు. సున్నుండలు, కొబ్బరి, బెల్లం పెట్టేవారు. చుట్టాలంతా పళ్లేలతో తెచ్చేవారు. ఇప్పటికీ చేస్తున్నాం. రక్తం పోవడం మొదలైన రోజునే ఈ తిండి పెట్టాలని ఏ పరీక్షలూ లేని కాలంలో వాళ్లకు తట్టింది. వంద గ్రాముల నువ్వుల్లో దాదాపు 14 మిల్లీగ్రాముల ఇనుము ఉంది. పదిహేను గ్రాముల నువ్వులు పడిన ఒక ఉండలో రెండు మిల్లీగ్రాములు అనుకోవచ్చు.

తప్పు ఎక్కడంటే, పదకొండో రోజున స్నానం చేయించి, ఫొటో తీయించి, చిమ్మిలి మానేస్తాం. ముట్టు మాత్రం మానదు కదా! నెలనెలా, ముప్పై ఏళ్లకు పైగా వస్తూనే ఉంటుంది. ఫంక్షను హాలుకు, మైకులకు, భోజనాలకు అయ్యే ఖర్చులో ఎన్నోవంతుతో ఆ పిల్లకు ఏళ్ల తరబడి నువ్వులు, బెల్లం, వేరుశెనగలు వస్తాయో భార్యాభర్తలు ఒక్కసారి లెక్క వేసుకోండి. వేడుక చేయవద్దని చెప్పడం మా పని కాదు. రోజుకొక ఉండ మాత్రం ఆపవద్దు.

కొన్ని ఇళ్లలో ముట్టయిన రోజుల్లో చేప, గుడ్డు, నువ్వులు వేడి చేస్తాయని పెట్టరు. రక్తం పోయే రోజుల్లోనే తిండి తగ్గించడమంటే బావి ఎండుతుంటే ఊట పూడ్చడం. మామూలుగా తిననివ్వండి.

బడిలో పెట్టేది కూడా తినమని చెప్పండి. మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజనంలోకి 2020లో వేరుశెనగ చిక్కీని, 2023లో రాగిజావను చేర్చారు. జావ బాగోలేదని పారబోసే పిల్లలున్నారు. ఇంట్లో కూడా వారానికి రెండు రోజులు కాస్తే నాలుకకు అలవాటవుతుంది.

నీలం మాత్రలు

తిండి బాగున్నా ఈ వయసులో ఆడపిల్లకు తిండితోనే పూర్తిగా సరిపోదు. అందుకే మాత్రలు. మనదేశంలో గర్భిణులకు, పిల్లలకు ఇనుము మాత్రలు ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లోనే మొదలైంది. కౌమార వయసు పిల్లలకు వారానికొకటి ఇవ్వడం దేశమంతటా 2013 నుంచి వచ్చింది. 2018లో 'రక్తహీనత లేని భారతం' కార్యక్రమం కింద మోతాదు సవరించారు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. పది నుంచి పందొమ్మిదేళ్ల వారికి ఇచ్చేది నీలం రంగు, గర్భిణులకు ఇచ్చేది ఎరుపు. బడికి వెళ్లే పిల్లలకు బడిలో, బడి మానిన ఆడపిల్లలకు అంగన్‌వాడీలో ఇస్తారు. డబ్బు ఇవ్వనక్కరలేదు.

ఫోలిక్ ఆమ్లం అంటే ఏదో విదేశీ మందు అనుకోకండి. 1928 తరువాత బొంబాయిలో మిల్లు పనివారైన గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే డాక్టరమ్మ, దాన్ని నయం చేసే పదార్థమేదో ఆహారంలోనే ఉందని కనిపెట్టింది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద మన తెలుగువాడే. భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. మన ఊరి అంగన్‌వాడీలో దొరికే ఈ చిన్న బిళ్లలో ఆయన శ్రమ ఉంది.

ఇంత తేలికైన మందు చాలా ఇళ్లలో పిల్ల కడుపులోకి పోవడం లేదు. నాలుక కింద దాచుకుని బయటికొచ్చి ఉమ్మేసే పిల్లలున్నారు. ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్లే వద్దన్నారు. నర్సమ్మ ఇంటింటికీ తిరిగేటప్పుడు జరిగే మాటలు ఇలా ఉంటాయి.

"నర్సమ్మగారూ, మాత్ర వేసుకున్న మర్నాడు దొడ్డికి నల్లగా అయిందటండీ. లోపల ఏమన్నా కాలిపోయిందేమో!"

"కాలలేదమ్మా. ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము అలా బయటికి పోతుంది. మాత్ర మింగిందనడానికి అదే సాక్ష్యం. భయపడకండి."

"వికారంగా ఉందంటోందండీ."

"ఖాళీ కడుపున వేసుకుందేమో అడగండి. అన్నం తిన్న తరువాత, మంచినీళ్లతో వేసుకోవాలి. పాలతోనూ, టీతోనూ వద్దు. పగలు పడకపోతే రాత్రి పడుకునే ముందు వేసుకోమనండి. రెండు మూడు వారాలకు సర్దుకుంటుంది. మలబద్ధకం చేస్తే నీళ్లు, ఆకుకూర, జామకాయ ఎక్కువ తినమనండి."

"అమ్మాయ్, నే చెబుతా విను," అని అరుగుమీంచి మామ్మగారు అందుకుంటారు. "మీ ఆసుపత్రిలోనే పిల్లలు పుట్టకుండా బిళ్లలిస్తారు. వీటిల్లో అవి కలపలేదని ఏంటి నమ్మకం? రేపు పెళ్లయ్యాక కడుపు పండకపోతే?"

"మామ్మగారూ, ఆ బిళ్లలు వేరు, ఈ బిళ్లలు వేరు. ఇవి వేసుకున్న పిల్లకు రేపు కడుపు పండితే అది నిలబడి, కాన్పు సుఖంగా అవ్వాలనే ఇస్తున్నాం."

మామ్మగారి అనుమానం ఎందుకొచ్చిందో కూడా చెప్పుకోవాలి. కుటుంబ నియంత్రణ కోసం ఇచ్చే మాలా-ఎన్ పాకెట్టు చూసినవాళ్లకు తెలుసు. అందులో 28 బిళ్లలుంటాయి. 21 తెల్లవి, 7 ముదురు రంగువి. గర్భం రాకుండా చేసేవి తెల్లవి మాత్రమే. ఆ ఏడూ ఇనుము బిళ్లలు. అంటే నియంత్రణ పాకెట్లో ఇనుమును కలిపారు గాని, ఇనుము మాత్రలో నియంత్రణ మందు కలపలేదు. మాలా-ఎన్ వాడే తల్లులకు ఒక మాట: ఆ ఏడు బిళ్లలూ ఉత్తవని పారేయకండి. ముట్టయ్యే రోజుల్లో పోయే ఇనుముకు బదులు అవే.

పరీక్షలో రక్తహీనత బయటపడిన పిల్లకు వారానికొకటి చాలదు. డాక్టరుగారు చెప్పిన లెక్కన రోజూ మూడు నెలలు వేసుకోవాలి, నెలనెలా పరీక్ష చేయించుకోవాలి. సరిగా మింగినా నెల తరువాత రక్తం పెరగకపోతే ఇంకేదో కారణం ఉంది. తలసీమియా, సికిల్ సెల్ వంటి పుట్టుకతో వచ్చే రక్త వ్యాధులు కావచ్చు, ముట్టులో రక్తం మరీ ఎక్కువగా పోతుండవచ్చు. అప్పుడు మందుల షాపులో టానిక్ సీసాలు కొని పోయడం దండగ. పెద్ద ఆసుపత్రిలో చూపించండి.

కాళ్లకింద దొంగ

ఇనుము ఎంత పోసినా అడుగున చిల్లుంటే నిలవదు. కొంకి పురుగులు పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతాయి. ఒక్కో పురుగు తాగేది చుక్కలో కొంత భాగమే. వంద పురుగులుంటే రోజుకు చెంచాడు రక్తం పోవచ్చు. ఈ పురుగు పిల్లలు తడినేలలో ఉండి, చెప్పులు లేని పాదాల చర్మంలోంచి ఒంట్లోకి దూరుతాయి. కాలువ గట్టున, చేలగట్ల మీద బయటికి వెళ్లే అలవాటు ఉన్నంతకాలం ఆ నేలలో వాటి గుడ్లు పడుతూనే ఉంటాయి. మరుగుదొడ్డి వాడాలి, బయట నడిచేటప్పుడు చెప్పులు వేయాలి. నాట్లలో, కలుపులో చెప్పులతో దిగలేరు, నిజమే. అందుకే నులిపురుగుల మందు. 2015 నుంచి ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో 19 ఏళ్లలోపు పిల్లలకు ఆల్బెండజోల్ ఇచ్చే ఏర్పాటు జరిగింది. ఆ రోజు పిల్ల బడి మానితే తరువాత అడిగి తీసుకోండి.

పెళ్లి తొందర, తొలికాన్పు

ఆడపిల్లకు 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయరాదని 1978లోనే చట్టం వచ్చింది. అయినా ఆ 2019–21 సర్వే నాటికి మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్లయింది. చట్టం సంగతి అలా ఉంచి, ఒంటి లెక్క చూడండి. ఒక గర్భం మొత్తానికి తల్లికి సుమారు వెయ్యి మిల్లీగ్రాముల ఇనుము అదనంగా కావాలి. పదహారేళ్ల పిల్ల ఇంకా తానే ఎదుగుతూ ఉంటుంది. తన ఎదుగుదలకు, ముట్టుకు చాలనిదాంట్లోంచి కడుపులో బిడ్డకు పంచాలి. బిడ్డ బరువు తక్కువతో పుడుతుంది, నెలలు నిండకుండా పుట్టవచ్చు. ఆ బిడ్డ ఆడపిల్లయితే ఆమె కూడా తక్కువ నిల్వతోనే బ్రతుకు మొదలుపెడుతుంది.

పెళ్లి అయిపోయిన జంటలకు చెప్పేది ఇది. అమ్మాయికి ఇరవై దాటేవరకూ తొలికాన్పు వాయిదా వేయండి. నిరోధ్, మాలా-ఎన్, సూదిమందు ఏది వీలో నర్సమ్మను అడగండి. ఇద్దరూ కలిసి వస్తే మంచిది, భర్త ఒక్కడే వచ్చినా నిరోధ్ ఇస్తారు. బిడ్డ కావాలనుకున్నప్పుడు, నెల తప్పకముందే, అమ్మాయి రక్తపరీక్ష చేయించుకుని ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టవలెను. బిడ్డ వెన్నుపాము, మెదడు రూపు కట్టేది మొదటి నాలుగు వారాల్లోనే, చాలామందికి గర్భం వచ్చిందని తెలియకముందే. నాలుగో నెలనుంచి ఎర్ర మాత్ర రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు అయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. కాన్పుకూ కాన్పుకూ మూడేళ్లు ఎడం ఉంటే, పోయిన రక్తం మళ్లీ కూడడానికి వ్యవధి ఉంటుంది. లూప్ వేయించుకోదలచిన వారు ముందు రక్తపరీక్ష చేయించుకోండి. మొదటి కొన్ని నెలలు ముట్టు కాస్త ఎక్కువ కావచ్చు గనక, రక్తం తక్కువున్నవారికి డాక్టరుగారు వేరే పద్ధతి చెబుతారు.

ఇంట్లో మాత్రలు పెట్టుకునే చోటు గురించి జాగ్రత్త. రంగు రంగుల బిళ్లలు చంటిపిల్లల కంటికి పిప్పరమెంట్లలా కనిపిస్తాయి. చిన్నపిల్లలు గుప్పెడు మింగితే ప్రాణాపాయం. అందని ఎత్తులో, మూత బిగించిన డబ్బాలో పెట్టండి. పొరపాటున మింగినట్టు తెలిస్తే బిడ్డ బాగానే కనిపించినా ఆగకుండా, ఆ అట్టతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈసారి ఉపకేంద్రానికి వచ్చినప్పుడు పిల్లనూ వెంటబెట్టుకురండి. రక్తం ఎన్ని గ్రాములుందో అడిగి, తారీకుతో సహా ఒక పుస్తకంలో రాయించుకోండి. ఆరు నెలలకోసారి మళ్లీ రాయించండి. ఆమె పెళ్లయి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం కూడా సామానుతో పెట్టి పంపండి. అక్కడి నర్సమ్మ ముందుగా అడిగేది అదే.